ఒక్క పరుగు, ఒక్క పాయింటు: లీగ్ చివరి రోజున తెలుగు జట్లు

లీగ్ దశ ముగిసే రోజున ఒక జట్టు భవితవ్యం రెండు మైదానాల్లో తేలుతుంది. ఒకటి తాను ఆడుతున్నది. రెండోది తనతో నిమిత్తం లేకుండా మరో రెండు జట్లు ఆడుకుంటున్నది. 2023 జనవరిలో ఆంధ్ర రంజీ జట్టుకు సరిగ్గా ఇదే అనుభవమైంది. అస్సాంను ఇన్నింగ్స్ తేడాతో ఓడించినా ఆంధ్రకు క్వార్టర్ ఫైనల్ తలుపు తెరుచుకున్నది ముంబైలోని బ్రబోర్న్ స్టేడియంలో. అక్కడ రెండు జట్లు ఒక్క పరుగు తేడా కూడా లేకుండా సమానంగా నిలిచాయి. తెలుగు జట్ల క్రికెట్ చరిత్రలో ఇలాంటి చివరి రోజులు చాలానే ఉన్నాయి. వాటి వరుసను చూస్తే ఒక సంగతి పదేపదే కనిపిస్తుంది. ఆ రోజు వెల్లడయ్యే ఫలితానికి బీజం వారాల ముందే, అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని మ్యాచ్‌లో పడి ఉంటుంది.

ఈ ఉత్కంఠ క్రికెట్‌కే పరిమితమైంది కాదు. అమెరికా బేస్‌బాల్ లీగుల్లో ఒక్కో జట్టు సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. 2011 సెప్టెంబరు మొదట్లో టాంపా బే రేస్ కంటే బోస్టన్ రెడ్ సాక్స్ తొమ్మిది మ్యాచ్‌లు ముందుంది. నెల తిరిగేలోగా ఆ ఆధిక్యమంతా కరిగిపోయింది. సెప్టెంబరు 28న, 162వ మ్యాచ్ నాటికి, ప్లేఆఫ్స్‌లోని ఆఖరి చోటు కోసం రెండు జట్లూ సమానంగా నిలిచాయి. ఆ రాత్రి బాల్టిమోర్‌లో బోస్టన్ చివరి ఇన్నింగ్స్‌లో 3–4 తేడాతో ఓడింది. న్యూయార్క్ యాంకీస్ చేతిలో ఒక దశలో 0–7తో వెనకబడిన టాంపా బే కొద్ది నిమిషాలకే 12వ ఇన్నింగ్స్‌లో ఎవాన్ లాంగోరియా కొట్టిన హోమ్ రన్‌తో 8–7 తేడాతో గెలిచింది. అన్ని నెలల ఆట ఆ కొద్ది నిమిషాల్లో తేలిపోయింది.

బేస్‌బాల్‌లో గెలుపు ఓటములు లెక్కపెడితే సరిపోతుంది. క్రికెట్‌లో లెక్క ఇంకొంచెం మెలిక తిరుగుతుంది. రంజీ ట్రోఫీలో పూర్తి విజయానికి 6 పాయింట్లు. ఇన్నింగ్స్ తేడాతో గానీ, పది వికెట్ల తేడాతో గానీ గెలిస్తే బోనస్‌తో కలిపి 7. మ్యాచ్ డ్రా అయితే మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యం సాధించిన జట్టుకు 3, వెనకబడిన జట్టుకు 1. మొదటి ఇన్నింగ్స్ స్కోర్లు సమానమై మ్యాచ్ డ్రా అయితే చెరో పాయింటు. ఈ చివరి నిబంధన ఏళ్ల తరబడి పుస్తకంలోనే ఉండిపోతుంది, అవసరం పడే సందర్భం అంత అరుదు. ఐపీఎల్‌లో గెలుపుకు 2 పాయింట్లు. పాయింట్లు, విజయాలు సమానమైతే నెట్ రన్ రేట్ చూస్తారు. సీజన్ మొత్తం మీద ఓవరుకు చేసిన పరుగుల సగటు నుంచి ఓవరుకు ఇచ్చిన పరుగుల సగటును తీసేస్తే వచ్చేదే నెట్ రన్ రేట్. జట్టు ముందే ఆలౌటైనా పూర్తి 20 ఓవర్లూ ఆడినట్టే లెక్కిస్తారు. అందుకే భారీ విజయం ఒక్కటి చాలాకాలం అక్కరకు వస్తుంది, ఘోర పరాజయం ఒక్కటి చివరిదాకా వెంటాడుతుంది.

ఆంధ్ర జట్టుకు చాలాకాలం చివరి రోజు ఉత్కంఠ అన్నదే తెలియదు. ఆంధ్ర క్రికెట్ సంఘం 1953లో ఏర్పడింది, జట్టు 1953–54లో తొలిసారి రంజీ ఆడింది. భారత తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు అరవయ్యేళ్ల వయసుకు చేరువలో ఆ జట్టుకు నాయకత్వం వహించారు. అదే కాలంలో, 1954 నుంచి 1956 వరకు, భారత క్రికెట్ నియంత్రణ మండలి అధ్యక్షుడిగా ఉన్నది విజయనగర రాజవంశీకుడు విజ్జీ. 1936లో ఇంగ్లండ్‌లో భారత జట్టును నడిపిన ఆయన ఆటతీరు, నాయకత్వం మీద వచ్చిన విమర్శలు న్యాయమైనవే. అయితే క్రికెట్ పటంలో విజయనగరం పేరు కనిపించడానికి ఆయనే కారణమన్నదీ అంతే నిజం.

అప్పటి రంజీ మండలాల వారీగా సాగేది. దక్షిణ మండలంలో మద్రాసు, మైసూరు, హైదరాబాద్ వంటి బలమైన జట్లతో ఆంధ్ర తలపడాలి. మండల విజేతకు మాత్రమే జాతీయ దశలో చోటు. 1970–71లో ఒక్కో మండలం నుంచి రెండు జట్లకు, 1992–93లో మూడు జట్లకు ఆ అవకాశాన్ని పెంచారు. అంతవరకూ ఆంధ్రకు సీజన్ చివరి మ్యాచ్ అంటే సాధారణంగా మరో మ్యాచ్ మాత్రమే. 2002–03లో మండలాలు పోయి ఎలైట్, ప్లేట్ శ్రేణులు వచ్చాక దేశంలో ఏ మూలన ఉన్న జట్టు ఫలితమైనా ఆంధ్ర పట్టికను కదిలించే పరిస్థితి వచ్చింది.

తెలుగు ప్రేక్షకులకు చివరి రోజు లెక్కలు ఇంటింటి మాటగా మారింది మాత్రం ఐపీఎల్‌తోనే. 2009 విజేత డెక్కన్ చార్జర్స్ 2010లో తెలంగాణ ఉద్యమం వల్ల హైదరాబాద్‌లో ఆడలేకపోయింది. నాగపూర్, కటక్, నవీ ముంబైల మధ్య తిరుగుతూనే చివరి అయిదు లీగ్ మ్యాచ్‌లూ గెలిచి సెమీఫైనల్ చేరింది. 2012 నాటికి ఆ జట్టు పట్టిక అడుగుకు జారింది. అయినా మే 20న హైదరాబాద్‌లో తన ఆఖరి మ్యాచ్‌లో 132 పరుగులే చేసి, డేల్ స్టెయిన్ 8 పరుగులకు 3 వికెట్లు తీయగా, బెంగళూరును 9 పరుగుల తేడాతో ఓడించింది. బెంగళూరు ఇంటిదారి పట్టింది, ప్లేఆఫ్స్‌లోని ఆఖరి చోటు చెన్నైకి దక్కింది. అదే డెక్కన్ చార్జర్స్ ఆడిన చివరి ఐపీఎల్ మ్యాచ్. ఆ సెప్టెంబరులో జట్టు రద్దయింది. గెలవడానికి ఏ ప్రయోజనమూ మిగలని జట్టు అంత పట్టుదలగా ఆడడం గుర్తుంచుకోదగ్గ విషయం. చివరి రోజు న్యాయంగా సాగాలంటే ఇలాంటి జట్లే ఆధారం.

డెక్కన్ చార్జర్స్ స్థానంలో వచ్చిన సన్‌రైజర్స్ హైదరాబాద్ తొలి సీజన్‌లోనే ఈ పరీక్ష ఎదుర్కొంది. 2013 మే 18న బెంగళూరు ఎనిమిది ఓవర్లకు కుదించిన మ్యాచ్‌లో చెన్నైని ఓడించి 18 పాయింట్లతో లీగ్ ముగించింది. సన్‌రైజర్స్‌కూ 18 పాయింట్లే, చేతిలో మాత్రం ఇంకో మ్యాచ్ ఉంది. నెట్ రన్ రేట్ బెంగళూరుదే మెరుగు కాబట్టి ఓడితే కథ ముగిసినట్టే. మరునాడు ఉప్పల్‌లో కోల్‌కతాను 130 పరుగులకు కట్టడి చేసి, 18.5 ఓవర్లలో 5 వికెట్లు కోల్పోయి లక్ష్యాన్ని చేరింది. పార్థివ్ పటేల్ 47 పరుగులతో ఛేదనకు పునాది వేశాడు. సన్‌రైజర్స్ 20 పాయింట్లతో ప్లేఆఫ్స్‌కు చేర్చే నాలుగో చోటు దక్కించుకుంది.

అయితే ఆ రెండు పాయింట్ల తేడా అసలు మే నెలలో పుట్టింది కాదు. ఏప్రిల్ 7న అదే ఉప్పల్‌లో సన్‌రైజర్స్, బెంగళూరు చెరో 130 పరుగులతో సమంగా నిలిచాయి. సూపర్ ఓవర్‌లో కామెరాన్ వైట్ రెండు సిక్సర్లతో సన్‌రైజర్స్ 20 పరుగులు చేసింది. స్టెయిన్ బౌలింగ్‌లో బెంగళూరు 15 దగ్గర ఆగింది. ఆ ఆరు బంతులు మరోలా సాగి ఉంటే మే 19 నాటి గెలుపుతో సన్‌రైజర్స్ 18 దగ్గరే నిలిచేది, బెంగళూరు 20తో ముందుకు వెళ్లేది. అంత కష్టపడి చేరిన ఎలిమినేటర్‌లో రాజస్థాన్ రాయల్స్ చేతిలో ఓడిపోవడం వేరే సంగతి.

చివరి రోజు లెక్కల ఫలితం ఉత్తరాంధ్ర గడప తొక్కింది 2019లో. ఆ సీజన్ నాలుగో చోటు కోసం సన్‌రైజర్స్, కోల్‌కతా పోటీపడ్డాయి. సన్‌రైజర్స్ మే 4న తన చివరి లీగ్ మ్యాచ్‌లో బెంగళూరు చేతిలో ఓడి 12 పాయింట్లతో ఆగిపోయింది. కోల్‌కతాకు కూడా 12 పాయింట్లు ఉన్నాయి, మరునాడు ముంబైతో ఇంకో మ్యాచ్ ఉంది. అంటే మే 5న ఆడకుండానే ఆడాల్సిన స్థితి సన్‌రైజర్స్‌ది. వాంఖడేలో కోల్‌కతా 133 పరుగులే చేసింది. ముంబై ఒక్క వికెట్ నష్టానికి 16.1 ఓవర్లలో లక్ష్యం చేరింది. రెండు జట్లూ 12 పాయింట్ల దగ్గరే నిలవగా, సన్‌రైజర్స్ నెట్ రన్ రేట్ +0.577, కోల్‌కతాది +0.028. ఐపీఎల్‌లో 12 పాయింట్లతో ప్లేఆఫ్స్ చేరిన తొలి జట్టు సన్‌రైజర్సే.

ఆ నెట్ రన్ రేట్ ఎక్కడిదో వెతికితే మార్చి 31కి వెళ్లాలి. ఆ మధ్యాహ్నం ఉప్పల్‌లో జానీ బెయిర్‌స్టో 114, డేవిడ్ వార్నర్ అజేయంగా 100 చేయగా సన్‌రైజర్స్ 2 వికెట్లకు 231 పరుగులు సాధించింది. మహ్మద్ నబీ 11 పరుగులకు 4 వికెట్లు తీయడంతో బెంగళూరు 113కే ఆలౌటైంది. 118 పరుగుల ఆ తేడాను సీజన్‌లోని పద్నాలుగు మ్యాచ్‌ల ఓవర్ల మీద పంచితే నెట్ రన్ రేట్ 0.4కు పైగా పెరుగుతుంది. విశేషమేమిటంటే మే నాటికి ఆ ఇద్దరు ఓపెనర్లూ ప్రపంచ కప్ సన్నాహాల కోసం స్వదేశాలకు వెళ్లిపోయారు. మనుషులు లేకపోయినా వారు చేసిన పరుగులు పట్టికలో పనిచేస్తూనే ఉన్నాయి.

ఆ ఏడాది ఎలిమినేటర్, రెండో క్వాలిఫయర్ విశాఖపట్నానికి వచ్చాయి. చెన్నైలో మూడు స్టాండ్లు మూతబడి ఉండడంతో ఫైనల్ హైదరాబాద్‌కు మారింది. తెలంగాణలో స్థానిక సంస్థల ఎన్నికలు ఉన్నందున ఈ రెండు మ్యాచ్‌లను పోతినమల్లయ్యపాలెంలోని స్టేడియానికి కేటాయించారు. 2005 ఏప్రిల్‌లో ధోనీ పాకిస్తాన్ మీద 148 పరుగులు చేసిన మైదానం ఇదే.  ఉత్తరాంధ్ర వారికి ప్లేఆఫ్ మ్యాచ్ అంత దగ్గరికి రావడం అరుదైన భాగ్యం. 2019 మే 8 రాత్రి అక్కడ సన్‌రైజర్స్ 8 వికెట్లకు 162 పరుగులు చేసింది. ఢిల్లీ తరఫున పృథ్వీ షా 56తో ఆరంభం ఇచ్చాడు. తర్వాత రిషభ్ పంత్ 21 బంతుల్లో 49 చేసి మ్యాచ్‌ను తిప్పేశాడు. బాసిల్ థంపి వేసిన 18వ ఓవర్లో 22 పరుగులు వచ్చాయి. అయినా చివరి ఓవర్లోనూ గుండెలు దడదడలాడాయి. పరుగు తీస్తూ బంతికి అడ్డుపడినందుకు అమిత్ మిశ్రాను అంపైర్లు అవుటుగా ప్రకటించారు. ఒక బంతి మిగిలి ఉండగా కీమో పాల్ ఫోర్ కొట్టడంతో ఢిల్లీ 2 వికెట్ల తేడాతో గెలిచింది.

2020లో సన్‌రైజర్స్ మరో దారిలో వచ్చింది. కరోనా వల్ల టోర్నీ ఎమిరేట్స్‌లో జరిగింది. చివరి మూడు మ్యాచ్‌లూ గెలిస్తే తప్ప చోటు లేని స్థితిలో అక్టోబరు 27న ఢిల్లీని 88 పరుగుల తేడాతో, 31న బెంగళూరును 5 వికెట్ల తేడాతో ఓడించింది. లీగ్ ఆఖరి మ్యాచ్ నవంబరు 3న షార్జాలో ముంబైతో. పట్టికలో మొదటి స్థానం అప్పటికే ఖాయమైన ముంబై బుమ్రా, బౌల్ట్‌లకు విశ్రాంతినిచ్చింది. 150 పరుగుల లక్ష్యాన్ని వార్నర్ 85, సాహా 58 పరుగులతో వికెట్ పడకుండా 17.1 ఓవర్లలో ముగించారు. సన్‌రైజర్స్, బెంగళూరు, కోల్‌కతా మూడింటికీ 14 పాయింట్లు. సన్‌రైజర్స్ రేటు +0.608, బెంగళూరుది –0.172, కోల్‌కతాది –0.214. 0.042 తేడాతో కోల్‌కతా మిగిలిపోయింది.

ఇక ఈ వరుసలో ఎక్కువ చోటు దక్కాల్సిన ఘట్టం 2022–23 రంజీ. లక్షల మంది టీవీల ముందు కూర్చునే రాత్రులు కావు అవి. నాలుగు రోజుల పాటు సాగే, ఖాళీ స్టాండ్ల ముందు జరిగే ఆట. అయినా మన గడ్డ మీద పెరిగిన ఆటగాళ్ల పట్టుదలకు అంతకు మించిన నిదర్శనం దొరకడం కష్టం. ఆ సీజన్‌లో ఎలైట్ జట్లను ఎనిమిదేసి చొప్పున నాలుగు గ్రూపులుగా విడగొట్టారు, ఒక్కో గ్రూపు నుంచి రెండు జట్లకే క్వార్టర్ ఫైనల్. ఆంధ్ర పడ్డ గ్రూపులో ముంబై, సౌరాష్ట్ర, మహారాష్ట్ర, తమిళనాడు, ఢిల్లీ, హైదరాబాద్, అస్సాం ఉన్నాయి. రంజీని అందరికంటే ఎక్కువసార్లు గెలిచిన ముంబై ఉన్న గ్రూపులో ఆంధ్ర రెండో స్థానం అందుకుంటుందని సీజన్ మొదట్లో అనుకున్నవారు తక్కువే.

హనుమ విహారి నాయకత్వంలోని జట్టు ఆరంభంలో ముంబై చేతిలో ఓడింది. ఆ వెంటనే కోయంబత్తూరులో తమిళనాడును 8 పరుగుల తేడాతో ఓడించింది. ఎనిమిది పరుగులంటే రెండు బౌండరీలు. ఆ మ్యాచ్ చేజారితే 6 పాయింట్లు పోయేవి, జనవరి లెక్కలే ఉండేవి కావు. రాజ్‌కోట్‌లో సౌరాష్ట్రను సొంత మైదానంలోనే 150 పరుగుల తేడాతో ఓడించడం అంతకంటే పెద్ద విజయం, ఎందుకంటే ఆ ఏడాది రంజీ ఎత్తింది ఆ సౌరాష్ట్రే. హైదరాబాద్ మీదా గెలుపు దక్కింది. ఢిల్లీతో డ్రాలో వచ్చిన ఒక్క పాయింటు కూడా తర్వాత లెక్కకు వచ్చింది.

జనవరి 24న చివరి రౌండ్ మొదలైనప్పుడు సౌరాష్ట్ర 26 పాయింట్లతో ముందుంది. మహారాష్ట్రకు 25, ముంబైకి 23, ఆంధ్రకు 19. ఆంధ్ర అందుకోగల గరిష్ఠం 26, అదీ ఇన్నింగ్స్ తేడాతో లేదా పది వికెట్లతో గెలిస్తేనే. మామూలు గెలుపు 25 దగ్గర ఆపుతుంది, అది చాలదు. మహారాష్ట్ర, ముంబై ఒకదానితో ఒకటి బ్రబోర్న్‌లో తలపడుతున్నాయి. అక్కడ ఎవరు గెలిచినా ఆంధ్ర ఆశ ఆవిరే. మ్యాచ్ డ్రా అయినా మహారాష్ట్ర మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యం సాధిస్తే 28 పాయింట్లతో దాటిపోతుంది.

ఆంధ్ర తన పని తాను పూర్తి చేసింది. అస్సాం రెండు ఇన్నింగ్స్‌లూ కలిపినా ఆంధ్ర ఒక్క ఇన్నింగ్స్ స్కోరుకు 95 పరుగులు తక్కువయ్యాయి. ఇన్నింగ్స్ విజయం, బోనస్ పాయింటు, మొత్తం 26. తర్వాత చేయగలిగింది ఏమీ లేదు.

బ్రబోర్న్‌లో మహారాష్ట్ర కేదార్ జాదవ్ శతకంతో మొదటి ఇన్నింగ్స్‌లో 384 పరుగులు చేసింది. జవాబుగా ముంబై ప్రసాద్ పవార్ శతకం, తనుష్ కోటియన్ పోరాటంతో ఆ స్కోరును అందుకుంది, సరిగ్గా 384 దగ్గర ఆలౌటైంది. ఆధిక్యం ఎవరికీ లేదు. ముంబై ఒక్క పరుగు తక్కువ చేసినా మహారాష్ట్రకు ఆ మూడు పాయింట్లు దక్కేవి. ఇక పూర్తి విజయమే దారి కావడంతో ముంబై చివరి రోజున 253 పరుగుల లక్ష్యం వెంటపడింది. ఓవర్లు తరిగిపోయాయి, వికెట్లు పడ్డాయి, 6 వికెట్లకు 195 దగ్గర మ్యాచ్ డ్రాగా ముగిసింది. పుస్తకంలో ఉండిపోయే ఆ అరుదైన నిబంధన ప్రకారం చెరో పాయింటు. ముంబై 24 దగ్గర ఆగింది. మహారాష్ట్ర 26తో ఆంధ్రకు సమంగా నిలిచినా, పాయింట్లు సమానమైనప్పుడు వర్తించే నియమం ఆంధ్ర వైపు మొగ్గింది. అదే రోజు చెన్నైలో సౌరాష్ట్ర తమిళనాడు చేతిలో 59 పరుగుల తేడాతో ఓడినా దాని చోటుకు ఇబ్బంది రాలేదు. గ్రూపు నుంచి సౌరాష్ట్ర, ఆంధ్ర ముందుకు వెళ్లాయి.

దీన్ని అదృష్టమని కొట్టిపారేయడం అన్యాయం. 384కు 384 అన్నది నిజంగానే ఎవరి చేతిలోనూ లేని సంగతి. అయితే ఆ సమానత్వం ఆంధ్రకు ఉపయోగపడింది కోయంబత్తూరులో ఎనిమిది పరుగుల తేడాతో నిలబడినందుకు, రాజ్‌కోట్‌లో గెలిచినందుకు, అస్సాం మీద మామూలు గెలుపుతో సరిపెట్టుకోనందుకు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా బ్రబోర్న్‌లో ఏం జరిగినా ఆంధ్రకు ఒరిగేది లేదు.

క్వార్టర్ ఫైనల్ జనవరి 31న ఇందౌర్‌లో, అప్పటి రంజీ విజేత మధ్యప్రదేశ్‌తో. మొదటి రోజే ఆవేశ్ ఖాన్ బౌన్సర్‌కు విహారి ఎడమ మణికట్టు విరిగింది. రికీ భుయ్ 149, కరణ్ షిండే 110 పరుగులతో జట్టును నిలబెట్టాక, 9 వికెట్లు పడిన దశలో విహారి మళ్లీ వచ్చాడు. కుడిచేతి వాటం బ్యాటర్ ఎడమచేతి వాటంగా నిలబడి, గాయపడిన చేతిని కాపాడుకుంటూ ఎక్కువగా ఒంటిచేత్తో ఆడి 27 పరుగులు చేశాడు. ఆంధ్ర 379. మధ్యప్రదేశ్‌ను 228కి కూల్చి 151 పరుగుల ఆధిక్యం సాధించింది. రెండో ఇన్నింగ్స్‌లో మాత్రం ఆంధ్ర 93కే ఆలౌటైంది. అందులోనూ విహారి అదే తీరున ఆడి 15 పరుగులు చేశాడు. 245 లక్ష్యాన్ని మధ్యప్రదేశ్ 5 వికెట్లు కోల్పోయి చేరింది.

మరుసటి సీజన్‌లోనూ ఆంధ్ర క్వార్టర్ ఫైనల్ చేరింది. 2024 ఫిబ్రవరిలో మళ్లీ ఇందౌర్, మళ్లీ మధ్యప్రదేశ్. రెండో ఇన్నింగ్స్‌లో 107కే మధ్యప్రదేశ్‌ను కూల్చిన ఆంధ్రకు 170 పరుగుల లక్ష్యం. విహారి 55 చేశాడు. జట్టు 165 దగ్గర ఆలౌటై 4 పరుగుల తేడాతో ఓడింది.